బెన్ నెవిస్ ఎక్కబోతున్న మా అక్క కూతురికి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "పదిమంది పిల్లలు కలిసి ఏదో పెద్ద కొండ ఎక్కుతారట, నువ్వైనా వద్దని చెప్పవే" అంది. నేను వద్దని చెప్పను. ఇంత దూరం వచ్చి, ఏడాదిపాటు స్కాట్లాండ్‌లో ఉండి, క్లాసు, షిఫ్టు, రూము తప్ప ఇంకేమీ చూడకుండా వెళ్లిపోయే పిల్లల్ని చూస్తే నాకు మనసొప్పదు. వెళ్లు. కానీ నువ్వు పంపిన ప్లాన్ చూశాను. బస్సు టైమింగులు ఉన్నాయి, ఎవరెంత డబ్బు వేసుకోవాలో ఉంది, ఫొటోలు ఎక్కడ తీసుకోవాలో కూడా ఉంది. వెనక్కి తిరగాల్సి వస్తే ఆ మాట ఎవరు చెప్పాలో మాత్రం లేదు. నాకు భయం వేసింది అక్కడే. అందుకే వాయిస్ మెసేజ్ పెట్టకుండా కూర్చుని రాస్తున్నాను. నువ్వొక్కదానివే చదివి ఊరుకోకు, గ్రూపులో అందరికీ పంపు.

ముందు ఈ బెన్ నెవిస్ కొండ సంగతి. "1345 మీటర్లే కదా పిన్నీ, మన పాడేరు వైపు కొండలు ఇంతకన్నా ఎత్తు" అన్నావు. నిజమే, అల్లూరి జిల్లాలో జిందగడ సుమారు 1690 మీటర్లు. కానీ పాడేరు దాకా ఘాట్ రోడ్డు మీద కారులో పోతాం. ఇక్కడ గ్లెన్ నెవిస్ అనే లోయలో నడక మొదలయ్యేది దాదాపు సముద్రమట్టం నుంచి. 1300 మీటర్ల పైచిలుకు నీ కాళ్లతోనే ఎక్కాలి, అంతా మళ్లీ దిగాలి. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి తిరుమల చేరినవాళ్లు మీలో ముగ్గురు ఉన్నారన్నావు, మంచిదే. అక్కడ ఎక్కే ఎత్తుకు ఇది దాదాపు రెట్టింపు. అక్కడ దారి పొడవునా పందిళ్లు, నీళ్లు, జనం ఉంటారు, దిగడానికి బస్సు ఉంటుంది. ఇక్కడ విజిటర్ సెంటర్ దాటితే టాయిలెట్ కూడా లేదు.

ఎత్తు కన్నా ముఖ్యం, ఈ కొండ ఎక్కడుందన్నది. హైదరాబాద్ 17వ అక్షాంశం దగ్గర ఉంటే ఇది 57కి దగ్గర. అట్లాంటిక్ మీద నుంచి వచ్చే తడిగాలికి మొదట తగిలే పెద్ద అడ్డుల్లో ఇదొకటి. 1883 నుంచి 1904 దాకా శిఖరం మీద వాతావరణ పరిశీలన కేంద్రం ఉండేది. మీరు నడవబోయే దారి ఆ కేంద్రానికి గుర్రాల మీద సామాను చేరవెయ్యడానికి వేసిందే. అక్కడి ఉద్యోగులు ఎండనక వాననక గంటగంటకూ కొలతలు రాసుకున్నారు. వాటి ప్రకారం శిఖరం మీద ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నాకి కాస్త కిందే ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు పైన మేఘమే. కింద ఫోర్ట్ విలియమ్ ఊళ్లో టీషర్టు వేసుకుని ఐస్‌క్రీమ్ తింటున్న రోజున పైన చేతివేళ్లు కొంకర్లు పోవచ్చు. అక్టోబరులో కొత్త మంచు పడినా ఆశ్చర్యం లేదు.

ఇక టైము. శనివారం పొద్దున గ్లాస్గోలో బస్సెక్కి, రాత్రికి తిరిగొచ్చేద్దామన్న మీ ఆలోచన కుదరదు. లెక్క వేసి చూపిస్తాను. నెయిస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు, ఇప్పటికీ అందరూ అదే వాడతారు: ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. రానుపోను సుమారు 16 కిలోమీటర్లు, అంటే మూడు గంటల పైన. ఎక్కుడుకు రెండుంబావు గంటలు. ఇది బాగా అలవాటున్నవాడు ఎక్కడా ఆగకుండా నడిస్తే అయ్యే టైము. పదిమంది గ్రూపుకు, తొలిసారి వెళ్లేవాళ్లకు, తిండికీ ఫొటోలకూ షూలేసులు కట్టుకోవడానికీ కలిపి ఎనిమిది గంటలు తక్కువలో తక్కువ. తొమ్మిది అనుకోండి. మీరు వెళ్లే వారంలో అక్కడ సాయంత్రం ఆరున్నర ప్రాంతంలోనే పొద్దుగుంకుతుంది. పొద్దున బస్సులో బయల్దేరితే మూడు గంటల పైనే పడుతుంది, నడక మొదలయ్యేసరికి పదకొండు. దిగే దారి సగంలో ఉండగానే చీకటి పడుతుంది. కాబట్టి శుక్రవారం సాయంత్రమే వెళ్లి ఫోర్ట్ విలియమ్‌లో గానీ గ్లెన్ నెవిస్‌లో గానీ హాస్టల్లో పడుకోండి. ఎనిమిదింటికల్లా కాలిబాట మీద ఉండండి.

శనివారం రాత్రి కూడా అక్కడే ఉండండి. డబ్బులు ఎక్కువవుతాయని నాకు తెలుసు. అయినా చెప్తున్నాను. మీలో ఇద్దరికి శనివారం రాత్రి కేర్ హోమ్‌లో షిఫ్ట్ ఉందన్నావు. ఆరింటికి బస్సు అందుకోవాలన్న టెన్షన్ తలలో ఉన్నవాడు కొండ మీద సరిగ్గా ఆలోచించలేడు. పైకి వెళ్లేటప్పుడు అందర్నీ తొందరపెడతాడు, దిగేటప్పుడు పరిగెడతాడు. షిఫ్ట్ మార్చుకోలేకపోతే ఈసారికి రాకపోవడమే మంచిది. కారు అద్దెకు తీసుకుందామన్న ఆలోచన ఉంటే దానికీ ఇదే మాట. మన ఇండియా లైసెన్సుతో మొదటి ఏడాది ఇక్కడ నడపొచ్చు, నిజమే. కానీ తొమ్మిది గంటలు నడిచిన కాళ్లతో, చీకట్లో, లాక్ లోమండ్ సరస్సు ఒడ్డున ఆ ఇరుకు ఏ82 రోడ్డు మీద మూడు గంటలు నడపడం కొండ ఎక్కడం కన్నా ప్రమాదం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇద్దరు వెళ్తే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటారు. అలసిపోతే తెలుస్తుంది. పదిమంది వెళ్తే ప్రతివాళ్లూ ఇంకెవరో చూసుకుంటున్నారులే అనుకుంటారు. మ్యాపు ఎవరి దగ్గరో ఉందనుకుంటారు, వెదర్ ఎవరో చూశారనుకుంటారు. అందులోనూ మన పిల్లలకు మొహమాటం ఎక్కువ. కాళ్లు పీకుతున్నా, ఊపిరాడకపోయినా, "నా వల్ల అందరి ట్రిప్పూ పాడవుతుంది" అని నోరు విప్పరు. గ్రూపులో అందరికన్నా బాగా నడిచేవాడేమో ముందెక్కడో ఉంటాడు, అతనికి వెనక ఏం జరుగుతోందో తెలియదు. చలికీ వానకీ మందులున్నాయి, కోటు వేసుకుంటే సరిపోతుంది. ఈ మౌనానికి మాత్రం మీరు బయల్దేరకముందే విరుగుడు ఆలోచించుకోవాలి.

ఏం చెయ్యాలంటే, పదిమంది ఒకే గుంపుగా వెళ్లకండి. ఐదుగురు, ఐదుగురు. ప్రతి ఐదుగురికీ ఒక లీడర్, వెనకాల నడిచే మనిషి ఒకరు. ఆ వెనక మనిషి గ్రూపులో మంచి దమ్మున్నవాళ్లయి ఉండాలి. అందరూ బలమైనవాణ్ణి ముందు పెడతారు, అది తప్పు. ముందు నడవాల్సింది మీ ఐదుగురిలో నిదానంగా నడిచే మనిషి. ఆ మనిషి వేగమే అందరి వేగం. ముందు నడిచేవాళ్లు మాట్లాడుకుంటూ నడవగలగాలి. మాట్లాడలేక రొప్పుతున్నారంటే వేగం ఎక్కువైనట్టే.

ఆగడం దగ్గర ఒక అన్యాయం జరుగుతుంది, చాలా గ్రూపుల్లో చూశాను. ముందు వెళ్లినవాళ్లు ఒక బండ మీద కూర్చుని పది నిమిషాలు హాయిగా సేదతీరతారు. వెనకబడిన అమ్మాయి ఆయాసపడుతూ అక్కడికి చేరగానే "హమ్మయ్య, అందరూ వచ్చేశారు, పదండి" అని లేస్తారు. పాపం ఆ పిల్లకు రోజంతా విశ్రాంతి ఉండదు, అందరికన్నా ఎక్కువ అవసరమున్నది తనకే. అందుకని ఆఖరి మనిషి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, ఏదో ఒకటి తిన్నాకే మీ విశ్రాంతి మొదలైనట్టు లెక్క. లేచే ముందు తలలు లెక్కపెట్టండి. ప్రతిసారీ పైకే లెక్కపెట్టండి, మనసులో కాదు.

వెనక్కి తిరిగే మాట ఎవరు చెప్పాలన్నది శుక్రవారం రాత్రి భోజనాల దగ్గరే తేల్చుకోండి. నా పద్ధతి ఇది: ఐదుగురిలో ఏ ఒక్కరు "నేను దిగిపోతాను" అన్నా ఎందుకని అడగకూడదు, బతిమాలకూడదు, "ఇంకో అరగంటే" అనకూడదు. ఆ మనిషితో కనీసం ఇద్దరు దిగాలి. ఎవర్నీ ఒంటరిగా కిందికి పంపకూడదు. ఈ షరతు ముందే ఒప్పుకుంటే ఎవరికీ సిగ్గుండదు. అప్పుడే అడిగితే మాత్రం అందరూ శిఖరం వైపే చూస్తారు.

ఒక సంఘటన చెప్తాను. ఒక సెప్టెంబరులో నేనూ నా స్నేహితురాలూ దిగుతున్నాం. పైన జిగ్‌జాగ్‌లని అంటారు, దారి వంకరలు తిరుగుతూ రాళ్లలోంచి ఎక్కే భాగం. అక్కడ ఒక మలుపులో ఒక అబ్బాయి రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. జీన్స్ మోకాళ్ల దాకా తడిసి నల్లగా అయిపోయింది. కాళ్లకు తెల్ల కాన్వాస్ బూట్లు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కిందికి చూస్తున్నాడు. పలకరిస్తే "ఐయామ్ ఫైన్" అన్నాడు, కానీ ఆ రెండు ముక్కలూ ముద్దముద్దగా వచ్చాయి. పేరు అడిగితే కాసేపు ఆలోచించాడు. ఫ్రెండ్స్ పైకి వెళ్లారట, గంటలో వస్తామన్నారట, ఎప్పుడు వెళ్లారో అతనికి గుర్తులేదు. బ్యాగు కూడా వాళ్లతోనే పోయింది, అతని జాకెట్ అందులోనే ఉంది. నా ఫ్లాస్కు మూత తియ్యమని చేతికిచ్చాను. వేళ్లు వంగలేదు. అప్పుడు అర్థమైంది. ఇద్దరం అతని తడి స్వెటర్ తీసేసి నా అదనపు ఉన్ని కోటు తొడిగాం, టోపీ పెట్టాం, ఆరెంజి రంగు సర్వైవల్ బ్యాగులో (మనిషి దూరే పెద్ద ప్లాస్టిక్ సంచి) నడుందాకా కూర్చోబెట్టి, తియ్యటి టీ నేనే పట్టి తాగించాను. నాలుగు బిస్కెట్లు తిన్నాక ఒణుకు మొదలైంది. ఒణుకు రావడం మంచి సూచన. నెమ్మదిగా నడిపించుకుంటూ దింపాం. ఆ స్నేహితులు చెడ్డవాళ్లు కారు. కింద కలిసినప్పుడు వాళ్లలో ఒకబ్బాయి వెక్కివెక్కి ఏడ్చాడు. అతను కూర్చుంటానన్నాడు కాబట్టి కూర్చోనిచ్చారు, అంతే.

అందుకే ఈ గుర్తులు అందరికీ తెలియాలి: మాట తడబడటం, కాలు తూలడం, జిప్పు పెట్టుకోలేకపోవడం, ఉన్నట్టుండి చిరాకు పడటం లేదా అసలు మాట్లాడకుండా అయిపోవడం. ఇవి కనిపిస్తే ఒళ్లు చల్లబడిపోతున్నట్టే. గాలికి అడ్డం చూసుకుని కూర్చోబెట్టండి, తడిబట్టలు మార్చండి, తీపి తినిపించండి, అందరూ దగ్గరగా చేరి వెచ్చదనం ఇవ్వండి. చేతులూ కాళ్లూ రుద్దకండి. బ్రాందీ లాంటి మందు పట్టిస్తే వేడెక్కుతుందన్న మాట అబద్ధం, ఇంకా చల్లబడతారు.

బట్టల సంగతి. జీన్స్ వద్దు, కాటన్ టీషర్టు వద్దు, కాటన్ సాక్సు కూడా వద్దు. కాటన్ తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. జిమ్‌కు వేసుకునే సింథటిక్ టీషర్టు, పైన ఫ్లీసు, దానిపైన వాన జాకెట్, వాన ప్యాంటు. బ్యాగులో ఇంకో ఫ్లీసు పొడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి. టోపీ, రెండు జతల గ్లవ్స్, ఎందుకంటే ఒక జత కచ్చితంగా తడుస్తుంది. అన్నీ కొత్తవి కొనక్కర్లేదు. మీ యూనివర్సిటీ పర్వతారోహణ క్లబ్బులో అద్దెకు దొరుకుతాయేమో అడుగు, చారిటీ షాపుల్లో వెతుకు, డెకథ్లాన్‌లో చవకవి ఉంటాయి. డబ్బు పెట్టదలచుకుంటే బూట్లకు పెట్టండి. చీలమండ దాకా పట్టి ఉండి, అడుగున గట్టి గాడులున్నవి. కొన్నాక ఇంట్లోనూ క్లాసుకూ రెండు వారాలు వేసుకుని తిరగండి. కొత్త బూట్లతో నేరుగా కొండకు వస్తే మడమలు బొబ్బలెక్కి మధ్యాహ్నానికే నడక ఆగిపోతుంది. హెడ్‌టార్చి మనిషికొకటి. గ్రూపుకు ఒకటంటే నేను ఒప్పుకోను. ఫోన్ లైటు లెక్కలోకి రాదు, చలికి ఫోన్ బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది, ఆ ఫోనే మీకు సాయం పిలవడానికి కావాలి. దాన్ని లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకో.

తిండి దగ్గర మీ ప్లానులో పులిహోర డబ్బాలు రాశావు. శుక్రవారం రాత్రికి తినండి. కొండ మీద గ్లవ్స్ తీసి, డబ్బా విప్పి, చెంచాతో తినే వీలుండదు. జేబులోంచి తీసి నడుస్తూ నోట్లో వేసుకునేవి కావాలి: పల్లీ చిక్కీ, ఖర్జూరం, నువ్వుండలు, చాక్లెట్. మధ్యాహ్నానికి చపాతీలో కూర చుట్టి ఫాయిల్ పేపరులో పెట్టుకోండి. ఒక్కసారిగా కూర్చుని తినడం కన్నా గంటకోసారి కొంచెం కొంచెం తినాలి. మనిషికి లీటరున్నర నీళ్లు, గ్రూపుకు రెండు ఫ్లాస్కుల టీ. దసరా రోజులు కాబట్టి మీలో ఎవరైనా ఉపవాసాలు చేస్తుంటే ఆ రోజు చెయ్యొద్దని చెప్పు, లేదంటే వాళ్లను ఇంకో వారం తీసుకెళ్లు. ఖాళీ కడుపుతో ఈ కొండ వద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్హేలర్, షుగరున్నవాళ్లు వాళ్ల మందులు పెట్టుకోవాలి, లీడర్‌కు ముందే చెప్పాలి. ఆడపిల్లలు నెలసరి రోజులైతే మానెయ్యక్కర్లేదు గానీ కావలసినవి పెట్టుకోండి, వాడినవి కవర్లో కట్టి కిందికి తెచ్చుకోండి. ఒంటికో రెంటికో వెళ్లాల్సి వస్తే దారికీ నీటివాగుకూ కనీసం ముప్ఫై మీటర్లు పక్కకు వెళ్లాలి, కాగితాలు కూడా వెనక్కి తేవాలి. ఇది మీ లీడర్, అబ్బాయిలకూ కలిపి మొదట్లోనే చెప్పేస్తే తర్వాత ఎవరూ సిగ్గుతో నీళ్లు తాగడం మానరు.

దారి గురించి కొంత. మొదటి గంటన్నర లోయ అంచున రాతిమెట్లు. అందరూ ఇక్కడే ఉత్సాహంలో వేగం పెంచి ఒళ్లు హూనం చేసుకుంటారు. సుమారు 570 మీటర్ల దగ్గర నేల చదునవుతుంది, ఎడమపక్క చిన్న సరస్సు కనిపిస్తుంది. సగం దారి సరస్సంటారు గానీ ఎత్తులో అది సగం కూడా కాదు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు అదే. అక్కడ అందరూ కూర్చోండి. టైమెంతయిందో చూడండి, మేఘం ఎక్కడుందో చూడండి, ఒక్కొక్కర్నీ పేరుపెట్టి అడగండి. పదిన్నరలోగా అక్కడికి చేరలేకపోతే, లేదా గాలికి నిలబడటం కష్టంగా ఉంటే, అక్కడి నుంచే తిరిగొచ్చెయ్యండి. అది దాటి రెడ్ బర్న్ వాగు దాటాక అంతా జిగ్‌జాగ్‌లే, తలదాచుకోవడానికి ఏమీ ఉండదు. పైకి వెళ్తే మాత్రం ఇంకో నియమం: మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం వంద మీటర్ల దూరంలో కనిపిస్తున్నా సరే. ఈ టైము పేపరు మీద రాసి ఇద్దరు లీడర్లూ జేబులో పెట్టుకోండి.

మీలో ఒకరు ఇన్‌స్టాలో చూసి కార్న్ మోర్ డెరగ్ అంచు మీదుగా వెళ్దామంటారు, చూస్తూ ఉండు. అది కత్తి అంచులాంటి రాతి గట్టు, అందంగా ఉంటుంది, చేతులూ వాడి ఎక్కాలి, చాలా ఎక్కువసేపు పడుతుంది. ఈసారికి మీకు కాదు. ఈ విషయంలో గ్రూపులో ఓటింగు పెట్టకు.

పైన చదును నేల వెడల్పుగా ఉంటుంది. అందరూ ఎక్కడమే కష్టమనుకుంటారు గానీ, ఈ కొండ మీద జనం దారి తప్పేది ఎక్కువగా అక్కడి నుంచి దిగేటప్పుడు, మేఘంలో. ఉత్తరం వైపు అంచు నుంచి వందల మీటర్ల లోతుకు నిట్టనిలువు కొండచరియలు. దక్షిణం వైపు ఫైవ్ ఫింగర్ గల్లీ అనే లోయ మొదట్లో మామూలు వాలులా కనిపించి నమ్మించి కిందికి లాగుతుంది. దారి పక్కన పెద్ద రాళ్ల గుట్టలు పేర్చారు, మేఘం పల్చగా ఉంటే ఒకదాని నుంచి ఇంకోటి కనిపిస్తుంది. మంచు కప్పితే, మేఘం దట్టమైతే అవీ కనిపించవు. అందుకని దిక్సూచి వాడటం నేర్చుకోండి. శిఖరం మీది ట్రిగ్ పాయింట్ (సర్వే కోసం కట్టిన స్తంభం) నుంచి 231 డిగ్రీల గ్రిడ్ బేరింగ్‌లో (మ్యాపు గీతల ఉత్తరం నుంచి కొలిచే దిశ) 150 మీటర్లు, అక్కడి నుంచి 282 డిగ్రీల్లో నడిస్తే జిగ్‌జాగ్‌ల మొదలుకు చేరతారు. మొదటి ముక్క ఉత్తరపు కొండచరియల అంచును తప్పించడానికి, రెండోది ఎడమపక్క ఫైవ్ ఫింగర్‌ను తప్పించడానికి. గ్రిడ్ ఉత్తరానికీ దిక్సూచి ఉత్తరానికీ తేడా ఎంతో మ్యాపు మీదే రాసి ఉంటుంది, చూసి సరిచేసుకో. 150 మీటర్లు ఎన్ని అడుగులో ఎలా తెలుస్తుందంటే, కెల్విన్‌గ్రోవ్ పార్కుకు వెళ్లి వంద మీటర్లు కొలుచుకుని నీ ఎడమకాలు ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టుకో. మామూలుగా అరవై నుంచి డెబ్భై మధ్య వస్తుంది. ఎత్తుపల్లాల్లో మారుతుంది, అయినా ఆ లెక్క చేతిలో ఉంటే ధైర్యం వేరు. ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 392 మ్యాపు కాగితంది ప్రతి ఐదుగురికీ ఒకటి కొనండి. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు కూడా పెట్టుకోండి, కానీ అదొక్కటే నమ్ముకోకండి.

మేఘాన్ని చూసి ఎప్పుడూ భయపడాలని కాదు నేననేది. 1894లో సి.టి.ఆర్. విల్సన్ అనే కుర్ర శాస్త్రవేత్త ఆ పరిశీలన కేంద్రంలో కొన్ని వారాలు పనిచేశాడు. పొద్దున్నే మేఘం మీద తన నీడ చుట్టూ రంగుల వలయం పడటం చూసి, దాన్ని లేబరేటరీలో చేసి చూద్దామనుకున్నాడు. ఆ ప్రయత్నంలోంచే క్లౌడ్ చాంబర్ (కంటికి కనిపించని కణాల జాడల్ని చూపించే పరికరం) పుట్టింది, 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. వీపు మీద ఎండ, ఎదురుగా కింద మేఘం ఉన్నప్పుడు ఆగి చూడు. అదృష్టం బాగుంటే నీ నీడ చుట్టూ కూడా ఆ వలయం పడుతుంది.

వాతావరణానికి ఫోన్‌లో మామూలు యాప్ చూస్తే అది ఫోర్ట్ విలియమ్ ఊరి లెక్క చెప్తుంది. కొండల వాతావరణం చెప్పే ఎమ్‌డబ్ల్యూఐఎస్ (MWIS) సైటులో వెస్ట్ హైలాండ్స్ పేజీ చూడు. పైన గాలి ఎంత, మేఘం ఏ ఎత్తులో, నీరు గడ్డకట్టే చలి ఏ ఎత్తు నుంచి అన్నీ ఉంటాయి. కొండల పైన గంటకు నలభై మైళ్ల గాలి అని ఉంటే మీలాంటి కొత్తవాళ్లు సరస్సు దాకా వెళ్లి వచ్చెయ్యండి. బాగా లేదని ఉంటే ఆ శనివారం గ్లెన్ నెవిస్ లోయలోనే నడవండి, స్టీల్ జలపాతం దాకా దారి చాలా అందంగా ఉంటుంది.

నీళ్ల దగ్గర మాత్రం హద్దు మీరొద్దు. 2024 ఏప్రిల్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర, నడకకు వెళ్లిన నలుగురు మిత్రుల్లో ఇద్దరు మన పిల్లలు నీళ్లలో పడి చనిపోయారు. చదువుకోవడానికి వచ్చినవాళ్లే. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. ఇక్కడి వాగుల్లో నీళ్లు ఎండాకాలంలో కూడా మంచులా ఉంటాయి, తడి రాయి మీద పాచి కనిపించదు. ఫొటో కోసం అంచుకు వెళ్లడం, పొంగే వాగు దాటడం, ఒకరు పడితే వెంటనే ఇంకొకరు దూకడం, ఈ మూడూ వద్దు.

ఏదైనా జరిగితే 999కి ఫోన్ చేసి పోలీస్ కావాలనండి, వాళ్లతో మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. ఎక్కడున్నారో మ్యాపు గ్రిడ్ నంబరుతో చెప్పండి. మాట వినిపించని చోట మెసేజ్ కొన్నిసార్లు వెళ్తుంది, దానికి ముందే రిజిస్టర్ అన్న ఇంగ్లీషు మాట 999కి మెసేజ్ చేసి, వచ్చే జవాబుకు యెస్ అని పంపాలి. ఇవాళే అందరూ చేసేయండి. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. మన పిల్లల్లో ఒక భయం ఉంది, నాకు చాలామంది చెప్పారు: పోలీసులకు ఫోన్ చేస్తే వీసాకు ఏమైనా అవుతుందేమోనని, బిల్లు వేస్తారేమోనని. ఏమీ అవదు, ఒక్క పౌండు కూడా అడగరు. లోచాబర్ మౌంటెన్ రెస్క్యూ టీమ్ వాళ్లంతా వాలంటీర్లు, పగలు తమ ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. మీరు ఆలస్యంగా పిలిస్తే వాళ్లు చీకట్లో మిమ్మల్ని వెతకాల్సి వస్తుంది. అనుమానం రాగానే పిలవండి.

కింద ఎవరో ఒకరికి మీ ప్లాన్ తెలియాలి. ఆ మనిషి నేనవుతాను. ఎక్కే దారి, ఎంతమంది, ఎవరి ఫోన్ నంబరు ఏది, జాకెట్ల రంగులు కూడా పంపు. రాత్రి ఏడింటికల్లా దిగామని మెసేజ్ రాకపోతే నీకు ఫోన్ చేస్తాను, ఎనిమిదికి కూడా జవాబు లేకపోతే 999కి చేస్తాను. మీ అమ్మకు మాత్రం దిగాకే ఫొటోలు పంపు.

ఈ రెండు వారాల్లో ఒక్కసారైనా అందరూ కలిసి చిన్న కొండ ఎక్కండి. లాక్ లోమండ్ పక్కన కానిక్ హిల్ 361 మీటర్లు, గ్లాస్గోకు దగ్గరలో డమ్‌గోయ్న్ 427. అదే బూట్లు, అదే బ్యాగు, అదే లీడర్లు. ఎవరు నిదానంగా నడుస్తారో, ఎవరు నొప్పి దాచుకుంటారో ఆ రోజే తెలిసిపోతుంది. ఆ పూటే ఇబ్బంది పడ్డవాళ్లతో నువ్వు విడిగా మాట్లాడు, అందరి ముందూ కాదు.

నా దగ్గర గ్రూప్ షెల్టర్ (అందరూ కలిసి లోపల దూరే గుడారం గుడ్డ) ఒకటి, సర్వైవల్ బ్యాగులు రెండు, హెడ్‌టార్చీలు మూడు ఉన్నాయి. దిక్సూచి కూడా ఇస్తాను. ఆదివారం భోజనానికి వచ్చి తీసుకెళ్లు, వచ్చేటప్పుడు ఆ రెండో గ్రూపు లీడర్ అబ్బాయిని కూడా వెంటబెట్టుకుని రా. మ్యాపు ముందేసుకుని బేరింగులు ఇద్దరికీ చూపిస్తాను. గుత్తివంకాయ చేస్తున్నాను, అతను తింటాడో లేదో అడిగి చెప్పు.

మీ పిన్ని